క్లౌడ్ సర్టిఫికేషన్: ఎక్కడ ఆగిపోయారో చూసుకుని ముందుకు కదలడం

తిరుపతిలో బైరాగిపట్టెడ, ఎమ్మార్‌పల్లి వైపు హాస్టళ్లలో ఉండే పిల్లలు క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే కంప్యూటర్లు, స్టోరేజీ) సర్టిఫికెట్ పరీక్షల గురించి అడిగేది ఎక్కువగా ఒకటే: "అన్నా, ఏ కోర్సు కొనమంటావు?" కోర్సు మారిస్తే తీరే ఇబ్బందులు చాలా తక్కువ. మీరు ఎక్కడ ఆగారో ఈ కింద వెతుక్కోండి. మీది కానిది దాటేయండి.

సమస్య: నెలలు గడుస్తున్నాయి, ఏ పరీక్ష రాయాలో తేలడం లేదు

కారణం: "ఏది ఈజీ?" అని అడుగుతున్నారు. దానికి ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు.

పరిష్కారం: బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో మీరు నిజంగా అప్లై చేయబోయే ఉద్యోగాల ప్రకటనలు ఓ ఇరవై తెరవండి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్), గూగుల్ క్లౌడ్‌లలో ఏ పేరు వస్తే దాని కింద ఒక గీత పెట్టండి. గీతలు ఎక్కువ పడ్డది మీ పరీక్ష. ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే ఈ లెక్క కూడా అక్కర్లేదు, ఆఫీసులో ఏది వాడుతున్నారో అదే.

తర్వాత స్థాయి. ఏడబ్ల్యూఎస్‌లో మొదటి మెట్టు పరీక్ష క్లౌడ్ ప్రాక్టీషనర్ ఫీజు 100 డాలర్లు, సమయం 90 నిమిషాలు, పాస్ కావడానికి 1000కి 700 రావాలి. దాని పై మెట్టు సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్‌కు 150 డాలర్లు, 130 నిమిషాలు, 720. మొదటిది రాస్తేనే రెండోది రాయనిస్తారన్న నియమం ఏమీ లేదు. ఐపీ అడ్రస్, సబ్‌నెట్, డీఎన్ఎస్ లాంటి నెట్‌వర్కింగ్ మాటలంటే తడబడని వాళ్లు నేరుగా అసోసియేట్‌కు వెళ్లొచ్చు. బీకామ్, బీఎస్సీ నుంచి వచ్చి ఈ మాటలు కొత్తగా వింటున్నవాళ్లకు ప్రాక్టీషనరే మేలు. డబ్బు దండగని భయపడొద్దు. ఒక పరీక్ష పాసైతే తర్వాతిదానికి సగం ఫీజు తగ్గింపు ఇస్తారు. అంటే రెండూ కలిపి 175 డాలర్లు, నేరుగా అసోసియేట్ రాసేదానికన్నా 25 మాత్రమే ఎక్కువ. పన్ను అదనం.

గడువు కూడా చూసుకోండి. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. అజూర్‌లో మొదటి మెట్టు పరీక్ష ఏజెడ్-900కు గడువు లేదు. అడ్మినిస్ట్రేటర్ పరీక్ష ఏజెడ్-104 ఏడాదికే ముగుస్తుంది గానీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పొడిగించుకోవచ్చు, ఆ తేదీ మర్చిపోతే మాత్రం మళ్లీ మొదటికే.

సమస్య: వీడియోలన్నీ చూశాను, ప్రాక్టీస్ టెస్టులో సగం మార్కులు దాటడం లేదు

ఎక్కువమంది ఆగేది ఇక్కడే. సర్వీసుల పేర్లు గుర్తుంటాయి, ఏది ఎప్పుడు వాడాలో చేతికి అలవాటు కాదు. దానికి తోడు ప్రశ్నలో అసలు మాట చివర దాక్కుని ఉంటుంది: "మోస్ట్ కాస్ట్-ఎఫెక్టివ్" (అన్నిటికన్నా ఖర్చు తక్కువ), "లీస్ట్ ఆపరేషనల్ ఓవర్‌హెడ్" (నిర్వహణ పని అతి తక్కువ). నాలుగు జవాబులూ పని చేసేవే కావచ్చు, ఆ చివరి మాటకు సరిపోయేది ఒకటే.

ఒక ఉదాహరణ. తిరుచానూరు రోడ్డులో ఒక ఫొటో స్టూడియో ఉందనుకోండి. పెళ్లి ఫొటోలు మొదటి నెల అందరూ డౌన్‌లోడ్ చేసుకుంటారు. తర్వాత ఎప్పుడో ఒకసారి ఎవరో అడుగుతారు, అడిగినప్పుడు వెంటనే రావాలి. పోతే మళ్లీ తీయలేరు. ఖర్చు తగ్గాలి. ఎస్3లో, అంటే ఏడబ్ల్యూఎస్ ఫైళ్లు దాచే సర్వీసులో, ఏ స్టోరేజీ క్లాస్ (రకం)?

తరచుగా తెరిచే ఫైళ్ల కోసం ఉన్న స్టాండర్డ్‌లోనే ఉంచేస్తే డబ్బు వృథా. గ్లేషియర్ ఫ్లెక్సిబుల్ రిట్రీవల్ చవకే గానీ మామూలు పద్ధతిలో ఫైలు రావడానికి 3 నుంచి 5 గంటలు పడుతుంది. "వెంటనే" అన్న ఒక్క మాటతో అది ఎగిరిపోయింది. వన్ జోన్-ఐఏలో (ఐఏ అంటే అరుదుగా తెరిచే ఫైళ్ల రకం) డేటా ఒకే అవైలబిలిటీ జోన్‌లో, అంటే ఒకే డేటా సెంటర్ సముదాయంలో ఉంటుంది, "మళ్లీ తీయలేరు" అన్నప్పుడే అదీ పోయింది. 30 రోజుల తర్వాత లైఫ్‌సైకిల్ రూల్‌తో (గడువు రాగానే ఫైళ్లను దానంతటదే మార్చే నియమం) స్టాండర్డ్-ఐఏకు మార్చడం సరైన జవాబు. జవాబుల్లో గ్లేషియర్ ఇన్‌స్టంట్ రిట్రీవల్ కూడా ఉంటే ఆట మారుతుంది: అదీ వెంటనే ఇస్తుంది, మూడు నెలలకోసారి తెరిచే డేటాకు ఇంకా చవక. అప్పుడు ఎంత తరచుగా తెరుస్తారని ప్రశ్నలో రాశారో మళ్లీ చదవాలి.

కాబట్టి రోజుకు యాభై ప్రశ్నలు పరిగెత్తించొద్దు. పది చేయండి, ప్రతిదానికీ మిగతా మూడూ ఎందుకు కావో నోట్సులో ఒక్కో వాక్యం తెలుగులోనే రాయండి. రాయలేకపోతే అది మీకు రాదన్నమాట, మార్కు వచ్చినా సరే.

సమస్య: ప్రాక్టీస్‌లో 90 శాతం, అసలు పరీక్షలో ఫెయిల్

ఒకే టెస్టును తిప్పి తిప్పి రాశారు, జవాబులు కంఠతా వచ్చేశాయి. లేదా ఎవరో వాట్సాప్‌లో డంప్స్ (అసలు పరీక్ష నుంచి బయటికి తెచ్చిన ప్రశ్నలు) పంపారు. డంప్స్ వాడితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు వాళ్లకుంది, పైగా వాటిలో తప్పు జవాబులు బోలెడు. ఫలితాల రిపోర్టులో ఏ విభాగం బలహీనమో చూపిస్తారు, అక్కడినుంచే మళ్లీ పట్టుకోండి. ఏడబ్ల్యూఎస్‌లో మళ్లీ రాయడానికి 14 రోజులు ఆగాలి.

సమస్య: ప్రాక్టీస్ చేస్తే బిల్లు వచ్చింది

అనుమానితుల్లో మొదటిది నాట్ గేట్‌వే (ప్రైవేట్ నెట్‌వర్క్‌లోని సర్వర్లను ఇంటర్నెట్‌కు కలిపే సర్వీసు). డేటా ఏమీ పోకపోయినా గంటగంటకూ మీటర్ తిరుగుతుంది, నెలంతా వదిలేస్తే అమెరికా రీజియన్ (సర్వర్లు ఉండే ప్రాంతం) ధరకు 32 డాలర్ల పైమాటే. ఈసీ2 (అద్దె సర్వర్) ఆపినా దాని డిస్కుకు ఛార్జీ ఆగదు. పబ్లిక్ ఐపీవీ4 అడ్రసులకు 2024 ఫిబ్రవరి నుంచి గంటకింత తీసుకుంటున్నారు. ఆర్డీఎస్ (డేటాబేస్ సర్వీసు)ను ఆపి ఊరుకుంటే ఏడు రోజులకు అదే మళ్లీ లేస్తుంది, ఇది చాలామందికి తెలియదు. ముంబై రీజియన్‌లో వెతికి ఏమీ లేదనుకుంటారు, తీరా చూస్తే నార్త్ వర్జీనియాలో నడుస్తుంటుంది. ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టండి, ల్యాబ్ అయ్యాక ఆపడం కాదు, డిలీట్ చేయండి. 2025 జులై 15 నుంచి తెరిచే కొత్త ఖాతాల్లో ఫ్రీ ప్లాన్ ఉంది: ఆరు నెలలు, లేదా క్రెడిట్లు అయిపోయేదాకా, ఏది ముందైతే అది. నేర్చుకునేవాళ్లు అదే ఎంచుకోండి.

సమస్య: టైమ్ చాలలేదు

అసోసియేట్‌లో 65 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. వాటిలో 15కు మార్కులే లేవు, అవేవో చెప్పరు. వింత ప్రశ్న తగిలితే ఫ్లాగ్ పెట్టి కదలండి. నెగటివ్ మార్కులు లేవు, ఖాళీ వదలొద్దు. ఇంకో సంగతి: ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు 30 నిమిషాలు అదనంగా ఇస్తారు. కాకపోతే స్లాట్ బుక్ చేయకముందే అడగాలి.

సమస్య: ఇంట్లో ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోయింది

గదిలోకి ఇంకొకరు వచ్చినా, వేరే గొంతు వినిపించినా పరీక్ష ఆపేయవచ్చు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మైకులు మోగే వీధిలో ఉంటే ఆ వారం వద్దు. వానాకాలం కరెంటును నమ్ముకోవద్దు, మొబైల్ హాట్‌స్పాట్‌ను అసలే వద్దు. వీలైతే చెన్నై వెళ్లి సెంటర్‌లో రాయడం నయం, పొద్దున గరుడాద్రి రైలు ఎక్కితే మధ్యాహ్నం స్లాట్‌కు ముందే దిగుతారు. ఇక పేరు. మన ఇంటిపేర్లు ఒక కార్డులో ఇనిషియల్‌గా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటాయి. మీరు చూపించే గుర్తింపు కార్డులో ఎలా ఉందో ఖాతాలోనూ అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. పరీక్ష రోజున మార్చుకోవడం కుదరదు.

సమస్య: పాసయ్యాను, ఇంటర్వ్యూ కాల్స్ రావడం లేదు

రెజ్యూమెలో సర్టిఫికెట్ ఒక్క లైను, దాని కింద చూపించడానికి ఏమీ లేదు. పైన చెప్పిన ఫొటో స్టూడియో లాంటిదే ఒకటి చిన్నగా కట్టండి: ఎస్3లో ఫొటోలు, ముందు క్లౌడ్‌ఫ్రంట్ (ఫైళ్లను చూసేవాళ్లకు దగ్గరి సర్వర్ల నుంచి అందించే సర్వీసు), లైఫ్‌సైకిల్ రూల్, నెలకు అయ్యే ఖర్చు లెక్క. బొమ్మ గీసి గిట్‌హబ్‌లో (కోడ్, ప్రాజెక్టులు అందరికీ చూపించే సైటు) పెట్టండి. "గ్లేషియర్ ఎందుకు పెట్టలేదు?" అని ఇంటర్వ్యూలో అడిగితే మీ నోట్సులో రాసుకున్న వాక్యమే జవాబు.