పీల్చే యాంటీబయాటిక్: కప్పులో మందు పోసే ముందు, పోశాక

నెబ్యులైజర్‌లో, అంటే మందును తుంపరగా మార్చే యంత్రంలో, యాంటీబయాటిక్ పెట్టుకోవాలని డాక్టర్ చెప్పగానే మనకొచ్చే మొదటి అనుమానం, మాత్రలుండగా ఈ తతంగమంతా ఎందుకని. నాకూ అదే వచ్చింది. నాకున్నది బ్రాంకియెక్టాసిస్, అంటే ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు వెడల్పైపోయి, కఫం బయటికి రాకుండా అక్కడే నిలిచిపోయే జబ్బు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లకూ ఇదే బాధ. అలా నిలిచిన కఫంలో సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియా కాపురం పెట్టిందంటే తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది, ఇక దాన్ని కదిలించడం కష్టం. మామూలుగా వేసుకున్న మందు రక్తంలో కలిసి, అక్కడి నుంచి కఫంలోకి చేరేసరికి మిగిలేది కొంచెమే. పోనీ ఇంజెక్షన్ డోసు పెంచుదామంటే, టోబ్రామైసిన్, అమికాసిన్ లాంటి మందులు రక్తంలో ఎక్కువైతే కిడ్నీలకు, చెవులకు దెబ్బ. అదే మందును ఆవిరి తుంపరలా పీలిస్తే కఫంలో చాలా ఎక్కువగా, రక్తంలో చాలా తక్కువగా ఉంటుంది. అందుకే ఈ తతంగం.

ఒక మాట ముందే తెలిసుండాలి, లేకపోతే రెండు నెలలకే నిరాశ వస్తుంది. చాలా ఏళ్లుగా పాతుకుపోయిన ఇన్ఫెక్షన్‌ను ఈ మందు సాధారణంగా పూర్తిగా తీసేయదు. బ్యాక్టీరియా సంఖ్యను తగ్గిస్తుంది, జబ్బు ముదిరి ఆసుపత్రి పాలయ్యే సందర్భాలను తగ్గించడానికి పనికొస్తుంది. సూడోమోనాస్ కల్చర్‌లో, అంటే కఫంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, కొత్తగా, మొదటిసారి కనిపించినప్పుడు మాత్రం పూర్తిగా తుడిచిపెట్టే ప్రయత్నం చేస్తారు, సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో దానికి 28 రోజుల టోబ్రామైసిన్ వాడతారు. అందుకే కఫం కల్చర్ టెస్టును వాయిదా వేయకండి. క్షయ కుటుంబానికి చెందిన ఇతర మైకోబ్యాక్టీరియా ఏమైనా ఉందేమో కూడా చూడమని డాక్టర్‌ను అడగండి, దానికి వాడే మందులు వేరు. బ్రాంకియెక్టాసిస్‌లో ఈ చికిత్స అందరికీ ఇవ్వరు. తరచుగా జబ్బు తిరగబెట్టేవాళ్లకు ప్రధానంగా దీన్ని ఆలోచిస్తారు. యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ 2017 మార్గదర్శకాల్లో దీనికి ఏడాదికి 3 లేదా అంతకన్నా ఎక్కువసార్లు అనే లెక్క పెట్టారు.

మందులు నాలుగైదు రకాలున్నాయి, ఒక్కోదాని లెక్క ఒక్కోటి. టోబ్రామైసిన్ ద్రావణం 300 మిల్లీగ్రాములు రోజుకు 2 సార్లు, వీలైనంత వరకు 12 గంటల తేడాతో, ఎట్టి పరిస్థితిలోనూ 6 గంటలకు తగ్గకుండా. అజ్‌ట్రియోనామ్ 75 మిల్లీగ్రాములు రోజుకు 3 సార్లు, కనీసం 4 గంటల తేడాతో. ఈ రెండూ 28 రోజులు వాడి 28 రోజులు ఆపే పద్ధతి. కొలిస్టిన్ పొడిని కలుపుకుని రోజూ వాడేవాళ్లు ఎక్కువ. అమికాసిన్ లైపోసోమ్ (సన్నని కొవ్వు బుడగల్లో నింపిన అమికాసిన్) రోజుకు ఒక్కసారే, అది పైన చెప్పిన మైకోబ్యాక్టీరియాలో ఏవియం రకం ఇన్ఫెక్షన్ మామూలు మందులకు లొంగనప్పుడు ఇస్తారు. మీకు రాసింది ఏదో, ఎన్నిసార్లో, ఆపే రోజులు ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోండి. పక్కవాళ్ల లెక్క మనకు పనికిరాదు.

యంత్రం విషయంలో కూడా అంతే. ఇంట్లో ఆస్తమాకు వాడే నెబ్యులైజర్ ఒకటి పడి ఉంది కదా అని అందులో పోసేయకండి. మందు చుక్కలు దాదాపు 1 నుంచి 5 మైక్రాన్ల సైజులో ఉంటేనే లోపలి గొట్టాల దాకా వెళతాయి, పెద్దవైతే గొంతులోనే ఆగిపోతాయి. అజ్‌ట్రియోనామ్‌కు ఆల్టెరా, అమికాసిన్ లైపోసోమ్‌కు లమీరా అని వాటి కోసమే చేసిన యంత్రాలున్నాయి, వేరేవి వాడకూడదు.

మొదటి డోసు ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు పెట్టుకోకండి. క్లినిక్‌లో, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్ష) చేసి, మందు పీల్చాక మళ్లీ చేసి చూస్తారు. కొందరికి మందు తగలగానే గాలి గొట్టాలు బిగుసుకుపోతాయి, పిల్లికూతలు వస్తాయి, ఎఫ్‌ఈవీ1 అనే అంకె (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) 15 శాతమో అంతకన్నా ఎక్కువో పడిపోతే ఆ మందు పడలేదేమోనని ఆలోచిస్తారు. ముందుగా గొట్టాలు తెరిచే ఇన్‌హేలర్ ఇచ్చి మళ్లీ ప్రయత్నిస్తే చాలామందికి సర్దుకుంటుంది.

ఇక అసలు విషయం, వరుస. నేను మొదటి కొన్ని వారాలు చేసిన తప్పు ఇదే, పొద్దున్నే లేచి నేరుగా యాంటీబయాటిక్ పెట్టుకునేదాన్ని, ఆ తర్వాత గంటసేపు దగ్గి కఫం ఉమ్మేసేదాన్ని. అంటే మందు కఫం పైన పూతలా పడి, దాంతోపాటే బయటికి పోయేది! మా ఫిజియోథెరపిస్ట్ ఒక్కసారి అడిగితే బయటపడింది. సరైన వరుస ఇదీ: మొదట గొట్టాలు తెరిచే ఇన్‌హేలర్, తర్వాత రాసిచ్చి ఉంటే ఉప్పునీటి నెబ్యులైజేషన్, దాని వెంటే శ్వాస వ్యాయామాలు, హఫ్ దగ్గు (నోరు తెరిచి 'హా' అంటూ గాలిని బలంగా వదలడం) చేసి వచ్చినంత కఫం బయటికి తీయడం, అన్నీ అయ్యాక చివర్లో యాంటీబయాటిక్. ఇవన్నీ కలిపితే గంట దాకా పట్టొచ్చు, అవును, విసుగే. కానీ సమయం లేని రోజున వ్యాయామం వదిలేసి మందు మాత్రం పెట్టుకుంటే ఆ మందులో సగం ఉపయోగం పోయినట్టే అని నా గట్టి నమ్మకం. మందులను ఒకే కప్పులో కలిపి పని తొందరగా ముగించే ఆలోచన కూడా వద్దు, ముఖ్యంగా కఫాన్ని పల్చబరిచే డోర్నేస్ ఆల్ఫా అనే మందుతో.

కొలిస్టిన్ అయితే పొడిని డాక్టర్ చెప్పిన ద్రవంతో, అంటే సెలైన్ లేదా స్టెరైల్ నీళ్లతో కలపాలి. సీసాను గిలక్కొట్టకండి, నురగ వస్తుంది, మెల్లగా తిప్పితే చాలు. కలిపిన వెంటనే వాడేయాలి. రేపటికి కూడా ఇప్పుడే కలిపి పెట్టుకుందాం అనుకోవద్దు, ద్రవంలో ఉండేకొద్దీ అది ఊపిరితిత్తులకు హాని చేసే రూపంలోకి మారుతుంది. ముందే కలిపి ఉంచిన ద్రావణం వాడిన ఒక రోగి చనిపోయాక అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. టోబ్రామైసిన్ ద్రావణాన్ని ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా దాచండి. కొద్దిగా పసుపు రంగులో ఉండటం మామూలే, మబ్బుగా ఉన్నా రేణువులు కనిపించినా పారేయండి.

పెట్టుకునేటప్పుడు నిటారుగా కూర్చోండి. మాస్క్ కాదు, మౌత్‌పీస్ పళ్ల మధ్య పెట్టుకుని పెదాలతో మూసి, నోటితో మామూలుగా, నెమ్మదిగా గాలి పీల్చండి. ముక్కుతో పీల్చే అలవాటుంటే ముక్కు క్లిప్పు పెట్టుకోండి. పడుకుని, ఫోన్లో మాట్లాడుతూ చేస్తే మందు గదిలోకి పోతుంది. గాలి ఒత్తిడితో పనిచేసే జెట్ నెబ్యులైజర్‌లో టోబ్రామైసిన్‌కు దాదాపు 15 నిమిషాలు పడుతుంది. దగ్గు వస్తే యంత్రం ఆపి, తేరుకుని, మళ్లీ మొదలెట్టండి. కిటికీ తెరిచి, పిల్లలు లేని గదిలో చేయడం మంచిది, వీలుంటే బయటికి వదిలే గాలికి ఫిల్టర్ పెట్టించుకోండి. క్యాప్సూళ్ల రూపంలో వచ్చే పొడి మందైతే వాటిని మింగకూడదు, పరికరంలో పెట్టి పీల్చాలి. ఒక్కో క్యాప్సూల్ పూర్తిగా ఖాళీ అయిందో లేదో చూసుకోండి.

శుభ్రత గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇన్ఫెక్షన్ తగ్గించుకోవడానికి పెట్టుకున్న యంత్రమే కొత్త ఇన్ఫెక్షన్ తెచ్చిపెట్టొచ్చు, ఎందుకంటే సూడోమోనాస్‌కు తడి అంటే ప్రాణం. ప్రతిసారీ వాడగానే కప్పు, మౌత్‌పీస్ విడదీసి సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో కడగాలి, తర్వాత క్రిములు చావాలి. దానికి 5 నిమిషాలు మరిగించడం, లేదా ఎలక్ట్రిక్ స్టీమ్ స్టెరిలైజర్, ఏది మీ పరికరానికి సరిపోతుందో దాంతో వచ్చిన కాగితంలో చూసుకోండి. మెష్ (మందును తుంపరగా చేసే సన్నని జల్లెడ) ఉన్న హ్యాండ్‌సెట్‌ను మైక్రోవేవ్‌లో పెట్టకండి, మెష్‌ను బ్రష్‌తో రుద్దకండి. వెనిగర్ నమ్మదగింది కాదు. క్రిములు చంపాక మళ్లీ కుళాయి నీళ్లతో తొలిస్తే చేసిన పనంతా వృథా, ఆ నీళ్లలోనూ ఇవే బ్యాక్టీరియా ఉండొచ్చు. తొలవాల్సి వస్తే స్టెరైల్ నీళ్లే. చివరికి శుభ్రమైన బట్ట మీద పరిచి గాలికి పూర్తిగా ఆరనివ్వండి, తడి ఉండగా డబ్బాలో మూయకండి. రెండు సెట్లు ఉంచుకుంటే ఒకటి ఆరుతుండగా ఇంకోటి వాడుకోవచ్చు, నాకు దీంతోనే టెన్షన్ తగ్గింది.

డోసు మర్చిపోతే రెండూ కలిపి పెట్టుకోవద్దు. టోబ్రామైసిన్‌లో తర్వాతి డోసుకు 6 గంటలైనా ఉంటే పెట్టుకోండి, లేకపోతే వదిలేయండి. ఆపే 28 రోజుల్లో ఇన్‌హేలర్, వ్యాయామాలు మాత్రం ఆపకూడదు. ఆ నెల చివర్లో దగ్గు పెరుగుతుంటే తేదీలతో రాసి డాక్టర్‌కు చూపించండి. కొందరికి ఆ విరామంలో ఇంకో యాంటీబయాటిక్ ఇస్తారు.

గొంతు బొంగురుపోవడం, దగ్గు, నోట్లో చేదు చాలామందికి ఉంటాయి, పుక్కిలిస్తే కొంత నయం. చెవిలో హోరు, వినికిడి తగ్గడం, తల తిరగడం మాత్రం అలా వదిలేసేవి కాదు, టోబ్రామైసిన్, అమికాసిన్ వాడేటప్పుడు ఇవి కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి. మొదలుపెట్టే ముందే ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది. గర్భంతో ఉన్నా, కిడ్నీ జబ్బున్నా, మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత జబ్బు ఉన్నా ముందే చెప్పండి. కఫంలో రక్తం చారలు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి, ఎక్కువ రక్తం పడితే, ఊపిరి ఆడకపోతే, నేరుగా ఎమర్జెన్సీకి. జ్వరం వచ్చి, కఫం రంగు మారి, ఆయాసం పెరిగితే నెబ్యులైజర్ డోసులు మీరే పెంచుకోకండి. అప్పుడు మాత్రలో, నరానికి ఎక్కించే మందో అవసరం పడుతుంది. వెళ్లేటప్పుడు ఆ రోజు కఫం శాంపిల్ కూడా పట్టుకెళ్లండి.