చనిపోయినవారి బైక్ కొనడం ఎలా? పట్టింపులు, బండి పరీక్ష, కాగితాలు

బండి తక్కువే తిరిగింది, టైర్లు బాగున్నాయి, ధర కూడా అందుబాటులోనే ఉంది. అంతా బాగుందనుకునేలోపు "ఓనరు పోయాడంట" అని ఎవరో అంటారు. మన ఇళ్లలో చాలా బేరాలు అక్కడితో ఆగిపోతాయి. అమ్మ వద్దంటుంది, అత్తగారు ముఖం తిప్పుకుంటారు, ఇంకెవరో "ఆ బండి అతనికే అచ్చిరాలేదు, నీకేం అచ్చొస్తుంది?" అని తేల్చేస్తారు.

ఇలాంటి బండి కొనొచ్చు. కానీ మామూలు సెకండ్ హ్యాండ్ బండికి లేని రెండు మూడు పనులు దీనికి అదనంగా ఉంటాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా ముఖ్యమే.

1. మనిషి ఎలా పోయాడో ముందు తెలుసుకోండి

మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి. గుండెపోటుతోనో, జబ్బుతోనో పోయిన మనిషి బండికీ, ఆ బండి మీదే ప్రమాదంలో పోయిన మనిషి బండికీ చాలా తేడా ఉంది. మొదటిది మామూలు పాత బండి. రెండోదానికి మెకానిక్ చూపు, పోలీసు కాగితాలు, ఇన్సూరెన్స్ చరిత్ర అన్నీ కావాలి. జనం నోట మాత్రం రెండూ "చచ్చిపోయినోడి బండే".

ఇంటివాళ్లను నేరుగా అడగడం ఇబ్బందిగా ఉంటే, మధ్యలో ఉన్న మనిషినో, వాళ్ల వీధిలోని మెకానిక్‌నో అడగండి. ఏ బండి ఎక్కడ పడిందో, ఏ పార్టు మార్చారో అతనికి తెలిసి ఉంటుంది.

2. మీ ఇంట్లోవాళ్లు దేనికి భయపడుతున్నారో కనుక్కోండి

"మూఢనమ్మకం" అని కొట్టిపారేస్తే ఇంట్లో గొడవ తప్ప ఏమీ మిగలదు. వద్దనేవాళ్లందరిదీ ఒకటే భయం కూడా కాదు.

కొందరిది మైల గురించిన బెంగ. కర్మకాండ పూర్తయ్యాక వెళ్తే అది దాదాపు తీరిపోతుంది. కొందరు తిథి, నక్షత్రం అడుగుతారు. ధనిష్ఠా పంచకంలో ఎవరైనా పోతే ఇల్లు కొన్ని నెలలు మూసిపెట్టే ఆచారం మన దగ్గర ఇంకా ఉంది కాబట్టి, షెడ్డులో ఉన్న బండికీ ఆ దోషం అంటిందేమో అన్నది వాళ్ల అనుమానం. ఆ పట్టింపు ఇంటికి సంబంధించింది. అయినా మీ పెద్దవాళ్లకు మనసు కుదుటపడాలంటే మీరు చెప్పేకంటే వాళ్లు నమ్మే పురోహితుడి చేత చెప్పించడం మేలు.

ఇంకొందరి భయం మరీ ముదురు. "రక్తం కళ్లజూసిన బండి, మళ్లీ అడుగుతుంది" అంటారు. ఇది ప్రమాదం జరిగిన బండి గురించే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 44.5 శాతం టూ వీలర్ మీద ఉన్నవాళ్లే. అంటే షోరూం నుంచి నిన్న తెచ్చిన బండి మీద కూడా జనం పడుతున్నారు, పోతున్నారు. దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోరు. పోయినవారి బండి కొన్న మనిషి జారి మోకాలు గీరుకుంటే చాలు, వీధంతా పదేళ్లు చెప్పుకుంటుంది.

ఇంట్లో వాదన పెరిగితే ఇంకో మాట అడగొచ్చు. కన్సల్టెన్సీలో బండి కొన్నప్పుడు పాత ఓనరు బతికున్నాడా అని మనలో ఎంతమంది అడుగుతాం? ఆర్‌సీ, ఫైనాన్స్, కిలోమీటర్లు అడుగుతాం. అక్కడ నిలబెట్టిన బళ్లలో ఎన్నిటి వెనక ఏ కథ ఉందో ఎవరికి తెలుసు? ఇక పోయినవారి పొలం, బంగారం, ఇల్లు విషయంలో ఎవరికీ ఏ దోషమూ కనపడదు. బండి దగ్గరకొచ్చేసరికే ఆత్మ గుర్తొస్తుంది.

రాజస్థాన్‌లో ఇదే నమ్మకం పూర్తిగా తిరగబడింది. పాలీ, జోధ్‌పూర్ మధ్య హైవే పక్కన ప్రమాదంలో పోయిన ఓ యువకుడి బుల్లెట్‌ను అద్దాల గదిలో పెట్టి పూజిస్తారు. ఓం బన్నా అనీ, బుల్లెట్ బాబా అనీ పిలుస్తారు. పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లిన బండి రాత్రికి రాత్రే ప్రమాదం జరిగిన చోటికి తిరిగొచ్చేదని అక్కడి కథ. ఆ దారిన వెళ్లే డ్రైవర్లు ప్రయాణం క్షేమంగా సాగాలని ఆగి దండం పెట్టుకుంటారు. మన వీధిలో అయితే అదే బండిని ఎవరూ ముట్టుకోరు.

ఇవన్నీ చెప్పాక కూడా మీ ఇంటావిడకో, తల్లికో మనసు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. రోజూ మీరు ఇల్లు చేరేదాకా ఒకరు గుమ్మంలో టెన్షన్‌గా నిలబడేటట్టయితే ఎంత చవకగా వచ్చినా అది దండగే.

3. పెద్దకర్మ అయ్యేదాకా ఆ గడప తొక్కకండి

పదకొండో రోజో, పదమూడో రోజో వాళ్ల ఆచారం ప్రకారం అన్నీ ముగియనివ్వండి. ఆ తర్వాత కూడా వాళ్లు అమ్ముతామని చెప్తేనే వెళ్లండి. కొన్ని ఇళ్లలో ఏడాది తిరిగేదాకా పోయినవారి వస్తువు గడప దాటనివ్వరు. అక్కడ తొందరపెట్టడం మర్యాద కాదు.

వెళ్లినప్పుడు ఒకరో ఇద్దరో వెళ్లండి. నలుగురు స్నేహితులు వెళ్లి ఇంటి ముందు రేస్ ఇచ్చి సౌండ్ వింటుంటే లోపల ఉన్నవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ ఇంట్లో ఆ శబ్దానికి ఒక అర్థం ఉంది, సాయంత్రం ఆయన వచ్చాడని. వీలైతే బండిని వీధి చివరకు తోసుకెళ్లి అక్కడ స్టార్ట్ చేయండి.

4. బండిని మెకానిక్‌తో చూపించండి

జబ్బుతో పోయినవారి బండి అయితే నెలల తరబడి కదలకుండా పడి ఉండటమే ప్రధాన సమస్య. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, కార్బురేటర్ బండి అయితే పాత పెట్రోలుకు జిగురు పట్టి ఉంటుంది. ట్యాంకు మూత తీసి టార్చి వేసి తుప్పు ఉందేమో చూడండి. ఒకే చోట ఆని ఉన్న టైరు పగుళ్లిచ్చిందేమో తడిమి చూడండి. ఇవన్నీ డబ్బుతో తీరే జబ్బులే.

ప్రమాదం జరిగిన బండి అయితే, అది "మళ్లీ మనిషిని పడేస్తుంది" అన్న మాటకు యాంత్రికంగా కొంత ఆధారం లేకపోలేదు. ముందు ఫోర్క్ కాస్త వంగినా, చాసిస్ మెలి తిరిగినా బండి స్పీడులో ఒక పక్కకు లాగుతుంది, గట్టిగా బ్రేకు వేస్తే అదుపు తప్పుతుంది. అది ఆత్మ పని కాదు, సరిగ్గా రిపేరు చేయని బండి పని. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి ఎదురుగా కూర్చోండి. రెండు ఫోర్క్ రాడ్లు ఒకదానికొకటి సమానంగా ఉన్నాయా, ముందు చక్రం వెనక చక్రంతో ఒకే గీతలో ఉందా చూడండి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు ఆగితే కోన్‌సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగు) పోయింది. హ్యాండిల్ తిరిగి ఆగే చోట ఫ్రేముకు ఉన్న చిన్న ఇనుప ముక్క వంగి ఉన్నా, అక్కడ కొత్తగా వెల్డింగు చేసి ఉన్నా బండి గట్టిగానే గుద్దుకుందని అర్థం. మిగతా ఫ్రేమంతా పాతబడి మెడ దగ్గర మాత్రం పెయింటు నిగనిగలాడుతుంటే అనుమానించాల్సిందే. చాసిస్ నంబరును ఆర్‌సీతో పోల్చడం మరిచిపోకండి.

చాసిస్ బెండ్ తీశాం అని ఎవరు చెప్పినా నా సలహా ఒకటే, ఆ బండి కొనకండి.

5. చావును బేరానికి వాడుకోకండి

"ఎవరూ కొనరమ్మా ఇలాంటి బండి, మేము కాబట్టి అడుగుతున్నాం" అనే మాట ఈ బేరాల్లో తరచూ వినపడుతుంది. దానికన్నా నీచమైన మాట లేదు. పోయినవారి బళ్లు తక్కువకు రావడానికి సగం కారణం ఈ భయాన్ని వాడుకునేవాళ్లే. నమ్మకం ఏమీ లేనివాళ్లు కూడా బేరం దగ్గర దోషం గురించి మాట్లాడతారు.

మన పట్టింపుల్లో నేను గౌరవించేది ఒకటుంది, ఉసురు. దిక్కులేని ఇంటి నుంచి వస్తువు అన్యాయంగా తెచ్చుకుంటే వాళ్ల ఉసురు తగులుతుందని పెద్దవాళ్లు అంటారు. తగులుతుందో లేదో గానీ, ఆ భయం కొనేవాణ్ని సరైన ధర దగ్గర నిలబెడుతుంది. అదే మోడల్, అదే సంవత్సరం బండికి రెండు కన్సల్టెన్సీల్లో ధర కనుక్కోండి. అందులోంచి రిపేరు ఖర్చు మాత్రమే తీసేసి చెప్పండి. డబ్బు చేతికి కాకుండా భార్య లేదా తల్లి బ్యాంకు ఖాతాకు పంపండి.

6. కాగితాలు: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

చాలామంది పాత ఓనరు సంతకం ఉన్న పాత ఫారాలో, ఖాళీ ఫారాలో పట్టుకుని పని కానిచ్చేస్తారు. చనిపోయిన మనిషి సంతకంతో బండి బదిలీ చేయించడం మోసం కిందికే వస్తుంది. అసలు దారి వేరే ఉంది.

ముందు బండి వారసుల పేరు మీదికి రావాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, ఓనరు పోయిన 30 రోజుల్లోగా ఆర్‌టీఏ ఆఫీసుకు ఆ సంగతి తెలియజేయాలి. 3 నెలల్లోగా ఫారం 31లో బదిలీకి దరఖాస్తు పెట్టాలి. దాంతో మరణ ధృవీకరణ పత్రం, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పత్రం జత చేస్తారు. మీ సేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అఫిడవిట్ కూడా సిద్ధంగా ఉంచుకుంటే మంచిది. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు రాయించే వీలు వచ్చింది, అది ఉంటే పని తేలిక. బండి వారసుల పేరు మీదికి వచ్చాక ఫారం 29, ఫారం 30తో మీ పేరు మీదికి మార్చుకోవాలి.

వారసులు ఎవరన్న దగ్గర చాలామంది పొరపడతారు. సాధారణంగా బేరం మాట్లాడేది తండ్రో, అన్నో, బావమరిదో. కానీ హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా లేకుండా పోతే మొదటి వరుస వారసులు భార్య, పిల్లలు, తల్లి. వాళ్లుండగా తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ వాటా రాదు. కాబట్టి సంతకం ఎవరిది కావాలో మీరే చూసుకోవాలి. పెళ్లికాని కుర్రాడైతే తల్లి సంతకం ముఖ్యం.

ప్రమాదం కేసు ఉంటే ఇంకా జాగ్రత్త. పోలీసులు బండి స్వాధీనం చేసుకుని, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు తనిఖీ అయ్యాక కోర్టు ద్వారా తాత్కాలికంగా ఇంటివాళ్లకు ఇస్తారు. అలా ఇచ్చిన బండిని కేసు తేలేదాకా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదని సాధారణంగా షరతు ఉంటుంది. ఆ ఉత్తర్వు కాపీ చదవకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటి ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద తేల్చిన బండేమో కూడా అడగండి.

ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే ఫైనాన్స్ కంపెనీ నుంచి అభ్యంతరం లేదన్న ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి వాళ్ల పేరు తీయించే ఫారం 35 కావాలి. పెండింగ్ చలాన్లు బండి నంబరుతో ఆన్‌లైన్‌లో చూడొచ్చు. హైదరాబాద్ బండిని విజయవాడకు తెచ్చుకుంటుంటే అక్కడి ఆర్‌టీఏ ఎన్‌ఓసీతో పాటు లైఫ్ ట్యాక్స్ ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోండి.

ఇంకో మాట, ఇది మీకోసం కాదు, ఆ ఇంటివాళ్ల కోసం. ఓనరు తన బండి నడుపుతూ ప్రమాదంలో పోయి, లైసెన్సు ఉండి, పాలసీలో పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటే కుటుంబానికి 15 లక్షలు వస్తాయి. థర్డ్ పార్టీ అంటే ఎదుటివాళ్లకే కదా అనుకుని చాలా ఇళ్లలో అడగనే అడగరు. పాలసీ కాగితం మీ చేతికి వచ్చినప్పుడు ఆ లైను చూసి, "అమ్మా, ఈ డబ్బు వచ్చిందా?" అని అడగండి.

పాలసీ గురించి మీరూ ఒకటి గుర్తుంచుకోవాలి. ఓనరు పోయాక అది 3 నెలలు, లేదా గడువు ముగిసేదాకా, ఏది ముందైతే అంతవరకే నడుస్తుంది. "ఇంకా ఎనిమిది నెలలుంది" అన్న భరోసాతో రోడ్డెక్కకండి.

7. ఇంటికి తెచ్చే రోజు

శనివారం ఇనుము కొనకూడదు, మంగళవారం వద్దు, అమావాస్య అసలే వద్దు అంటే సరేననండి. గురువారమో శుక్రవారమో తెచ్చుకుంటే మీకు పోయేదేమీ లేదు. నంబరు కూడితే 8 వస్తుందేమో అన్న పట్టింపు మాత్రం అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోండి. అదే రాష్ట్రంలో ఓనరు మారినా నంబరు మారదు.

పూజ కూడా చేయించుకోండి. ఆంజనేయస్వామి గుడి దగ్గర బండి ఆపి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తే పెద్దవాళ్ల మనసు సగం తేలికపడుతుంది. గుడికి వెళ్లే ముందే మెకానిక్ దగ్గర బ్రేక్ షూలు, ఆయిలు మార్పించండి. హ్యాండిల్‌కు కట్టే నల్లతాడు బ్రేక్ కేబుల్‌కు చుట్టుకోకుండా చూసుకోండి.

తాళం తీసుకునేటప్పుడు సీటు కింద, సైడు బాక్సులో ఉన్నవన్నీ తీసి ఇంటివాళ్లకే ఇవ్వండి. పాత పెట్రోలు బిల్లులు, లైసెన్సు జిరాక్సు, ఎప్పుడో మడిచిపెట్టిన రెయిన్‌కోటు, ఏదైనా సరే. కీచైన్ కావాలా అని అడగండి, చాలామంది ఉంచుకుంటారు. వెనక మడ్‌గార్డ్ మీద పిల్లల పేరు స్టిక్కర్ ఉంటే అక్కడే నిలబడి గీకకండి, మీ ఇంటికొచ్చాక తీసుకోవచ్చు.

పేరు మారిన ఆర్‌సీ వచ్చాక దాని ఫొటో ఒకటి ఆ ఇంటికి వాట్సాప్‌లో పంపండి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాద నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఇకమీదట మీ చలానా గానీ, మీ కేసు గానీ వాళ్ల గుమ్మం ఎక్కదని వాళ్లకు కచ్చితంగా తెలియాలి.