బైకు చక్రానికి ఇంట్లోనే బ్యాలెన్సింగ్
కొత్త టైరు వేయించాక గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటగానే హ్యాండిల్ సన్నగా వణుకుతుంటే, యంత్రమున్న దుకాణానికి వెళ్లే ముందు ఈ పద్ధతిని ప్రయత్నించండి. ముందు చక్రాన్ని విప్పి, ఇరుసును అందులోనే ఉంచి, దాని రెండు కొసలను సమానమైన ఎత్తున్న స్టూళ్లపై ఆనించి, చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. బరువైన భాగం కిందికి వచ్చి ఆగుతుంది కనుక, దానికి సరిగ్గా ఎదురుగా, పైభాగాన రిమ్ముకు 5 గ్రాముల బరువులను ఒక్కొక్కటిగా టేపుతో పెడుతూ, చక్రం ఏ స్థితిలో వదిలినా కదలకుండా నిలిచేవరకు చూడాలి. నా బండికి 15 గ్రాములు సరిపోయాయి. తరువాత రిమ్మును స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి బరువులను అతికించాలి. జిడ్డు మిగిలితే అవి ఊడిపోతాయి. చక్రం విప్పి ఉండగా డిస్క్ బ్రేకు లివరును మాత్రం నొక్కవద్దు. రిమ్ము వంగినా, టైరు రిమ్ములో సమంగా కూర్చోకపోయినా, బేరింగు బిగుసుకున్నా ఈ పద్ధతి ఫలించదు.