స్ఫటికాల్లో నీళ్లు – 4వ పాఠం: మైలతుత్తంలో అయిదో అణువు

పోయినసారి జిప్సమ్ చూశాం. అందులో పొరకూ పొరకూ మధ్య ఉన్నవి నీటి అణువులే, పట్టి ఉంచేవి బలహీనమైన హైడ్రోజన్ బంధాలే, అంటే ఒక నీటి హైడ్రోజన్‌కూ పక్కనున్న ఆక్సిజన్‌కూ మధ్య ఆకర్షణే. అది గోరు తగిలితే గీత పడేంత మెత్తగా, రేకులుగా విడిపోయేది అందుకే. ఈసారి మైలతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్: ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు అయిదు నీళ్లు.

ఫార్ములాలో అయిదు నీళ్లనూ ఒకే గాటన కట్టేస్తాం. స్ఫటికంలో మాత్రం వాటి సంగతి వేరు. 1934లో బీవర్స్, లిప్సన్ అనే శాస్త్రవేత్తలు ఎక్స్-కిరణాలతో తేల్చింది ఇదే: రాగి చుట్టూ చదరంగా నాలుగు నీళ్లు, సుమారు 1.95 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు; ఇకపై దూరాలన్నీ అందులోనే). పైనా కిందా చెరో సల్ఫేట్ ఆక్సిజన్, ఇంకాస్త ఎడంగా, 2.4 దగ్గర. అయిదో నీటికి రాగితో పొత్తే లేదు. రాగిని పట్టుకున్న నీళ్లలో రెండు తమ హైడ్రోజన్లను దానివైపు చాస్తాయి, అది తన రెండు హైడ్రోజన్లను సల్ఫేట్ ఆక్సిజన్లకు అందిస్తుంది. రెండు పుచ్చుకోవడం, రెండు ఇవ్వడం.

ఇక పని మొదలుపెడదాం. ఆక్సిజన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య దూరాల పట్టిక మీ ముందుందనుకోండి. హైడ్రోజన్ బంధం ఉన్నచోట ఆ దూరం మామూలుగా 2.7 నుంచి 2.9 దాకా ఉంటుంది, అలాంటి జతలన్నిటికీ పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. పెన్సిల్ అని ఊరికే అనలేదు, కొన్ని చెరపాల్సి వస్తుంది.

ఎందుకంటారా? రాగి చుట్టూ ఉన్న చదరంలో పక్కపక్క నీళ్ల దూరం లెక్కకట్టండి. 1.95ని 1.414తో గుణిస్తే 2.76. అచ్చం హైడ్రోజన్ బంధం దూరమే! కానీ అక్కడ బంధం లేదు. ఆ నీళ్ల హైడ్రోజన్లు రాగికి వీపు పెట్టి బయటికి చూస్తుంటాయి, పక్కవాడి వైపు తిరగవు. అది చదరపు అంచు, అంతే. నేర్చుకునే రోజుల్లో ఈ అంచులన్నీ బంధాలని గీసి, ఒక్కో నీటికి మూడేసి హైడ్రోజన్లు తేల్చాను. కాబట్టి ఒకే లోహాన్ని పట్టుకున్న జతలను ముందు అనుమానించండి, తర్వాత ప్రతి నీరూ రెండే హైడ్రోజన్లు ఇవ్వగలదని లెక్క సరిచూసుకోండి.

హైడ్రోజన్ నిజంగా ఎటుందో తెలియాలంటే న్యూట్రాన్ వివర్తనం కావాలి, అంటే స్ఫటికం మీదికి న్యూట్రాన్లను పంపి అవి చెదిరే తీరు చూడాలి; వాటికి కనిపించేది పరమాణు కేంద్రకం. ఎక్స్-కిరణాలకు కనిపించేది ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్ దగ్గర ఉన్నది ఒకటే, అదీ ఆక్సిజన్ వైపు ఒరిగి ఉంటుంది.

వేడి చేస్తే చివరిదాకా నిలిచేది ఈ అయిదో నీరే అని చాలా పుస్తకాలు రాస్తాయి. నాకు ఆ మాట నచ్చదు. ట్రైహైడ్రేట్ దశకు వచ్చేసరికే స్ఫటికం కొత్తగా అమరుతుంది, మిగిలిన మూడు నీళ్లూ రాగినే పట్టుకుని ఉంటాయి. ఆ మూడింట్లో పాత అయిదోది ఏదని అడగడంలో అర్థం లేదు.

అభ్యాసం: ఎప్సమ్ లవణంలో, అంటే ఏడు నీళ్ల మెగ్నీషియం సల్ఫేట్‌లో, మెగ్నీషియం చుట్టూ ఆరు నీళ్లు, సుమారు 2.07 దూరంలో, ఏడోది విడిగా. పట్టికలో 2.93 దగ్గర ఒక జత కనిపించింది. అది బంధమా, అంచా? తేల్చడానికి ఇంకేం చూడాలో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కణ్ణుంచే.