గ్రిడ్‌లో ఏఐ తప్పు చెబుతోందా? ముందు వీటిని చూడండి

కరెంటు గ్రిడ్ కంట్రోల్ రూమ్‌లో ఏఐ అంచనా తప్పగానే అందరూ మోడల్‌నే తిడతారు. నేనైతే మోడల్ జోలికి ఆఖరున వెళ్తాను.

సమస్య: తెర మీద అంతా పచ్చగా ఉంది, లైన్ ట్రిప్ అయిందని (దానంతటదే ఆగిపోయిందని) ఫీల్డ్ నుంచి ఫోన్ వస్తోంది

కారణం: మోడల్ పాత డేటా తింటోంది. ఫ్రీక్వెన్సీ అంకెను, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో చెప్పే హెర్ట్జ్ లెక్కను, ఒక్క నిమిషం చూడండి. నడుస్తున్న గ్రిడ్‌లో అది 49.97, 50.01, 49.99 అంటూ ఊగుతూనే ఉంటుంది. 49.98 దగ్గర బిగుసుకుపోతే గ్రిడ్ నిలకడగా ఉందని మురిసిపోకండి, డేటా ఆగిపోయి ఉండొచ్చు.

2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో ఒక కరెంటు కంపెనీ కంట్రోల్ రూమ్ అలారం సాఫ్ట్‌వేర్ మధ్యాహ్నం 2:14కి మూగబోయింది. గంట దాటినా ఆ సంగతి ఆపరేటర్లకు తెలియలేదు. ఈలోగా లైన్లు చెట్లకు తగిలి ట్రిప్ అవుతూ పోయాయి. చివరికి సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

పరిష్కారం: ప్రతి రీడింగ్‌కూ టైమ్‌స్టాంప్ చూసి, గడువు దాటినదాన్ని మోడల్‌కు ఇవ్వకండి. ఖాళీని పాత విలువతో నింపే సెట్టింగ్ ఉంటే ఇవాళే తీసేయండి. అలారం వ్యవస్థ బతికే ఉందో లేదో మరో సర్వర్ కనిపెడుతుండాలి.

సమస్య: కరెంటు మోడల్, గ్యాస్ మోడల్ దేనికది బాగానే ఉన్నాయి. గడ్డు రోజున మాత్రం రెండూ ఒకేసారి తప్పుతున్నాయి

కారణం: రెండిటి మధ్య లంకె ఎవరి మోడల్‌లోనూ లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ చలికి ప్లాంట్లు, గ్యాస్ బావులు గడ్డకట్టాయి. లోడ్ (కరెంటు వాడకం) తగ్గించడానికి ఫీడర్లు, అంటే ఒక్కో ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైన్లు, ఆపితే, కొన్ని గ్యాస్ కేంద్రాలకే కరెంటు పోయింది. గ్యాస్ తగ్గేసరికి ప్లాంట్లకు ఇంకా కష్టమైంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే ఇది! అక్కడి 60 హెర్ట్జ్ గ్రిడ్ 4 నిమిషాలకు పైగా 59.4కి దిగువనే ఉంది. 9 నిమిషాలు అలాగే ఉంటే మరిన్ని జనరేటర్లు ట్రిప్ అయ్యేవి.

పరిష్కారం: గ్యాస్‌ను పైపులో నెట్టే ఏ కంప్రెసర్ ఏ ఫీడర్ మీద ఉందో, ఏ ప్లాంటు ఏ పైపు మీద ఆధారపడిందో ఒకే గ్రాఫ్‌లో పెట్టండి. మోడల్‌కన్నా ఈ పట్టిక తయారీకే ఎక్కువ రోజులు పడుతుంది, పట్టనివ్వండి. ఇంకో చిక్కు: కరెంటు సెకన్లలో కూలుతుంది, పైపులో నిల్వ ఉన్న ఒత్తిడి గంటల్లో తగ్గుతుంది. మోడల్‌కు రెండు గడియారాలూ కావాలి. అలాంటి చలిరోజులు చరిత్రలో కొన్నే ఉంటాయి కాబట్టి మిగతావి సిమ్యులేటర్‌లో సృష్టించి నేర్పాలి.

సమస్య: మేఘం పడితే డిమాండ్ అంచనా గాడి తప్పుతోంది

కారణం: ఇళ్లమీది సోలార్‌కు విడిగా మీటరింగ్ లేక అది డిమాండ్‌లో దాక్కుంటోంది. దాన్ని వేరుగా అంచనా వేయించండి, ఒక్క అంకె కాకుండా ఎక్కువ తక్కువల హద్దులు అడగండి.

సమస్య: ఏఐ సలహాను ఆపరేటర్లు పట్టించుకోవడం లేదు

కారణం: చాలాసార్లు తప్పు ఆపరేటర్లది కాదు. ఓవర్‌లోడ్ అయ్యే లైన్ మీదకే లోడ్ మళ్లించమన్న సలహాను రెండోసారి ఎవరు నమ్ముతారు? ప్రతి సలహానూ పవర్ ఫ్లో లెక్కతో (ఏ లైన్‌లో ఎంత కరెంటు పారుతుందో చెప్పే లెక్కతో) సరిచూశాకే తెర మీదకు రానివ్వండి, పక్కనే కారణం చూపించండి. రిలేలను, అంటే ఫాల్ట్ పసిగట్టి లైన్‌ను ఆపించే పరికరాలను, మాత్రం ఏఐ చేతికి ఇవ్వకండి. ఫాల్ట్ వస్తే అవి మిల్లీసెకన్లలో తేల్చేయాలి.