తగ్గింపు ధరకు కొన్న అకంపనిమెంట్ పెడల్ బేస్ గిటార్‌తో కుదరకపోతే: సమస్య - పరిష్కారం

బేస్ ఒక్కటే పెట్టుకుని సాధన చేస్తే వేళ్లు తిరుగుతాయి గానీ లయ నిలబడదు. అందుకే భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు మందిరాల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ బేస్ వాయించేవాళ్లు ఇంట్లో డ్రమ్స్ తోడు ఇచ్చే అకంపనిమెంట్ పెడల్ (కాలితో నొక్కి నడిపే చిన్న పెట్టె) కోసం వెతుకుతుంటారు. కొత్తది ఖరీదు కాబట్టి డెమోకి వాడినదో, పెట్టె విప్పి వెనక్కి వచ్చినదో, విదేశం నుంచి వచ్చినవాళ్లు అమ్మేదో చవగ్గా కనబడగానే తీసేసుకుంటారు. వారం తిరక్కుండా "పనిచెయ్యట్లేదు" అన్న మాట వస్తుంది. అలా అన్నవాటిలో చాలావరకు పెడల్ చెడిపోయి ఉండదు. అడాప్టరు తప్పు, లేదంటే ఆరు తీగల గిటార్ కోసం చేసిన యంత్రానికి బేస్ వినిపించడం.

కొనే ముందే ఒక తేడా తెలియాలి. డిజిటెక్ ట్రయో (2015), ట్రయో ప్లస్ (2016) లాంటివి మీరు వాయించిన కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) విని డ్రమ్స్‌తోపాటు బేస్ కూడా సొంతంగా అల్లుతాయి. బీట్‌బడ్డీ లాంటివి డ్రమ్స్ నడుపుతాయి, కార్డ్స్ వినవు. జూమ్ బీ1 ఫోర్ లాంటి బేస్ మల్టీ ఎఫెక్ట్ పెడళ్లలో డ్రమ్ ప్యాటర్న్లు, చిన్న లూపర్ (వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ తిప్పి వినిపించేది), ఫోన్ పెట్టుకునే ఆక్స్ జాక్ మూడూ ఉంటాయి. మా అభిప్రాయం సూటిగా చెబుతాం: ఇంట్లో కీబోర్డు గానీ గిటార్ గానీ లేని బేసిస్టుకి మొదటి రకం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. మూడో రకమే రోజూ ఉపయోగపడుతుంది.

సమస్య: దీపం వెలగదు, లేదా వెలిగి మధ్యలో ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది

చవగ్గా వచ్చిన పెడల్‌తో అసలు అడాప్టరు చాలాసార్లు రాదు. ఇంట్లో పడున్న వైఫై రూటర్ అడాప్టరు పిన్ను సరిగ్గా పడుతుంది కాబట్టి అదే గుచ్చేస్తారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. రూటర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్లలో దాదాపు అన్నిటికీ పిన్ను లోపలి భాగం ప్లస్, బయటి భాగం మైనస్. గిటార్ పెడళ్లలో ఎక్కువ వాటికి సరిగ్గా తిరగేసి, లోపల మైనస్, బయట ప్లస్ కావాలి. పైగా సెట్‌టాప్ బాక్స్‌ది సాధారణంగా 12 వోల్టులు. తిరగబడిన కరెంటు వెళితే అదృష్టం బాగుంటే లోపలి రక్షణ డయోడ్ ఒక్కటే పోతుంది, లేకపోతే బోర్డు పోతుంది.

ముందు పెడల్ వెనక ముద్రించిన గుర్తు చూడండి. మధ్య చుక్క నుంచి గీత మైనస్‌కి పోతే లోపల మైనస్ అని అర్థం. తర్వాత మల్టీమీటరుని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర కొనను పిన్ను లోపల, నల్ల కొనను బయట ఆనించండి. -9 దగ్గర చూపిస్తే అది పెడల్‌కి పనికొచ్చే అడాప్టరు. మైనస్ గుర్తు లేకుండా 9 చూపిస్తే పెట్టొద్దు. పాతకాలపు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టరు మీద 9 అని రాసి ఉన్నా లోడు లేనప్పుడు 12, 13 చూపిస్తుంది. డిజిటల్ పెడల్‌కి అది కూడా వద్దు.

గుర్తు సరిపోయినా పెడల్ మళ్లీ మళ్లీ మొదటికొస్తుంటే కరెంటు చాలడం లేదు. మామూలు ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి 10, 20 మిల్లీఆంపులు సరిపోతాయి గనక 100, 200 మిల్లీఆంపుల అడాప్టర్లు అంగళ్లలో తేలిగ్గా దొరుకుతాయి. ట్రయోకి 500 మిల్లీఆంపుల దాకా కావాలి. జూమ్ బీ1 ఫోర్ అడాప్టరు కూడా 500దే, కాకపోతే అది నాలుగు డబుల్ ఏ సెల్స్ మీదా నడుస్తుంది. అడాప్టరు మీద రాసిన మిల్లీఆంపులు పెడల్ అడిగిన దానికంటే ఎక్కువుంటే నష్టం లేదు, తక్కువుంటేనే ఇబ్బంది. వోల్టులు మాత్రం అటూ ఇటూ కాకూడదు.

అమెరికా నుంచి వచ్చిన పెడల్ అయితే అడాప్టరు మీద 100 - 240 వోల్టులు అని ఉందో లేదో చదవండి. ఉంటే పిన్ను మార్చే సాకెట్ చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టిన క్షణంలో కాలిపోతుంది.

కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంక్ మీద నడపాలంటే 5 వోల్టులను 9కి పెంచే యూఎస్‌బీ కేబుళ్లు దొరుకుతాయి. లెక్క ఇలా ఉంటుంది: 9 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపులంటే 4.5 వాట్లు. 5 వోల్టుల వైపు అది 0.9 ఆంపులు, మార్పిడిలో పోయేది కలుపుకుంటే 1.1 దాకా. కాబట్టి 2 ఆంపులు ఇచ్చే పోర్టుకే తగిలించాలి. ఈ కేబుళ్లు ఎక్కువగా రూటర్ల కోసం చేసినవి, అంటే లోపల ప్లస్. వాటినీ మల్టీమీటరుతో చూశాకే పెట్టాలి.

సమస్య: పెడల్ కార్డ్స్ తప్పుగా పట్టుకుంటుంది, మేజర్ వాయిస్తే మైనర్ ఇస్తుంది, లేదా అసలేమీ నేర్చుకోదు

ఇది మొదటి రకం పెడళ్లతోనే వస్తుంది, బేసిస్టులు నిరాశపడేది ఎక్కువగా ఇక్కడే. కార్డ్ మేజరో మైనరో తేల్చేది మూడో స్వరం. బేస్ లైనులో మీరు వాయించేది చాలావరకు రూట్ (కార్డ్ మూల స్వరం), ఐదో స్వరం. అవి మాత్రమే వింటే పెడల్‌కి తేల్చుకునే ఆధారం ఉండదు. దానికి తోడు బేస్ E తీగ ఖాళీగా మోగితే 41 హెర్ట్‌జ్, ఐదు తీగల బేస్‌లో బీ (B) తీగ 31. ఆ లోతులో రెండు స్వరాలు దగ్గరగా మోగితే మన చెవికే విడిగా తెలియవు.

బేస్‌తోనే నేర్పాలనుకుంటే మూడో స్వరాన్ని ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి తీసుకెళ్లండి. రూట్‌ను E తీగ మీద, మూడో స్వరాన్ని జీ (G) తీగ మీద పట్టుకుని రెండూ ఒకేసారి మీటాలి. గుర్తుపెట్టుకోవడం తేలిక: జీ తీగ మీద అదే ఫ్రెట్ నొక్కితే మైనర్, ఒక ఫ్రెట్ పైన నొక్కితే మేజర్. జీ మేజర్‌కి E తీగ మూడో ఫ్రెట్, జీ తీగ నాలుగో ఫ్రెట్. A మైనర్‌కి రెండు తీగల మీదా ఐదో ఫ్రెట్. మధ్యలోని A, D తీగలు మోగకుండా వేళ్లతో ఆపాలి, అవి మోగితే పెడల్‌కి వేరే కార్డ్ వినిపిస్తుంది. టోన్ నాబ్ పూర్తిగా తెరవండి. ప్రతి బీటుకీ ఒక మీటు చొప్పున సమానంగా వాయించండి, కార్డ్ మార్పు సరిగ్గా బార్ మొదట్లో పడాలి. డిస్టార్షన్, ఆక్టేవర్, కోరస్ ఏవైనా ఉంటే ఈ పెడల్ తర్వాతే ఉండాలి. ముందు ఉంటే అది వినేది మీ స్వరాలు మాత్రమే కాదు, వాటికి చేరిన అదనపు స్వరాలు కూడా.

దీనికంటే నమ్మకమైన దారి కీబోర్డు. మందిరాల్లో అది ఎలాగూ ఉంటుంది. కీబోర్డు లైన్ అవుట్ ఎడమ జాక్ నుంచి పెడల్ ఇన్‌పుట్‌కి మామూలు గిటార్ కేబులు వేసి, కార్డ్స్ మధ్య సీ చుట్టుపక్కల పట్టుకుని నేర్పండి. కీబోర్డు సిగ్నల్ గిటార్ కంటే బలంగా వస్తుంది కాబట్టి వాల్యూమ్ మూడో వంతు దగ్గర మొదలుపెట్టాలి. నేర్పడం అయ్యాక ఆ కేబులు తీసేసి బేస్ పెట్టుకోవచ్చు, నేర్చుకున్న భాగం పోదు. మీ కీబోర్డుకి హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉంటే అందులోకి గిటార్ కేబులు నేరుగా గుచ్చకండి. స్టీరియో జాక్‌లో మోనో ప్లగ్ పెడితే కుడి చానల్ షార్ట్ అవుతుంది. ఒక స్టీరియో ప్లగ్ రెండు మోనో ప్లగ్గులుగా చీలే కేబులు తీసుకుని, ఎడమది మాత్రం పెడల్‌కి ఇవ్వండి.

ఇంకో మాట. మందిరంలో యమహా పీఎస్ఆర్ ఐ వరసలో ఏదైనా ఉంటే అందులో మన దేశపు తాళాలూ ఉంటాయి. ఆటో అకంపనిమెంట్ ఆపి రిథమ్ ఒక్కటే నడిపితే దాని మీద బేస్ సాధన చక్కగా సాగుతుంది. పెడల్ కొనేముందు ఒక నెల దానితో చేసి చూడండి.

సమస్య: అంతా మోగుతోంది గానీ మన బేస్ వినబడదు, కింద అంతా ముద్ద

పెడల్ కూడా బేస్ వాయిస్తోంది. ట్రయోలో బేస్‌కీ డ్రమ్స్‌కీ వేర్వేరు లెవల్ నాబ్‌లు ఉన్నాయి. బేస్ నాబ్ సున్నాకి తిప్పేయండి. కొత్త పాట పట్టేటప్పుడు కొద్దిగా తెరిచి అది ఏ స్వరాలు ఎంచుకుంటోందో వినడం మాత్రం మంచి అభ్యాసం.

లూపర్‌లో ముద్దగా వస్తే కారణం వేరు: కార్డ్స్ పొర, బేస్ పొర రెండూ ఒకే లోతులో ఉన్నాయి. కార్డ్స్ పొరను పన్నెండో ఫ్రెట్ పైన, పై రెండు తీగల మీద రికార్డు చేయండి.

సమస్య: డ్రమ్స్ రెట్టింపు వేగంతో వస్తున్నాయి, లేదా పాట తాళానికి కుదరవు

వేగం రెట్టింపో సగమో అయితే ట్రయోలో ఆల్ట్ టైమ్ బటన్ నొక్కితే సరిపోతుంది. నేర్పేటప్పుడు మీరు ఎన్ని మీట్లు వేశారో దాన్నిబట్టి అది వేగం ఊహిస్తుంది, ఆ ఊహ తప్పింది అంతే.

తాళం కుదరకపోవడం వేరు. ఈ పెడళ్లలోని శైలులు బ్లూస్, రాక్, కంట్రీ, జాజ్ లాంటివి. మనం పాడే పాటల్లో ఆరెనిమిది (6/8) నడక చాలా ఎక్కువ. దానికి స్టైల్స్‌లో షఫుల్ (బీటు మూడు భాగాలుగా ఊగే నడక) ఎంచుకుని, ఒక్కో "తకిట"ను ఒక బీటుగా లెక్కపెట్టి టెంపో పెట్టండి. ఆరెనిమిదిలోని రెండు బార్లు షఫుల్‌లో ఒక బారుకి సరిగ్గా సరిపోతాయి. ఏడు దెబ్బల మిశ్రచాపుకి ఇలాంటి దారి లేదు. రిథమ్ ప్యాడ్ లైన్ అవుట్‌ను లూపర్ ఇన్‌పుట్‌కి ఇచ్చి "తకిట తకధిమి" నాలుగు ఆవృతాలు వాయించి లూప్ చేసుకోవడమే.

సమస్య: లూప్ తిరిగినప్పుడల్లా చిన్న కుదుపు

చివరి స్వరం అయిపోగానే కాలు నొక్కేస్తున్నారు. నొక్కాల్సింది తర్వాతి బారు ఒకటో బీటు మీద. నాలుగు బార్లు వాయించి, ఐదో బారు మొదటి స్వరం మీటుతూ అదే క్షణంలో నొక్కండి. మడమ నేల మీద ఆనించి మునివేళ్లతో నొక్కితే ఆలస్యం తగ్గుతుంది. కొన్ని స్విచ్‌లు కిందికి దిగినప్పుడు కాక పైకి లేచినప్పుడు స్పందిస్తాయి, పాత పెడల్ అయితే ఇది ముందే పరీక్షించండి.

సమస్య: స్వరం ఆలస్యంగా వినిపిస్తోంది

బ్లూటూత్ హెడ్‌ఫోన్ గానీ స్పీకర్ గానీ వాడుతున్నారా? నిమిషానికి 100 బీట్ల వేగంలో ఒక బీటు 600 మిల్లీసెకన్లు, దానిలో నాలుగో వంతు 150. బ్లూటూత్‌లో అంత ఆలస్యం మామూలే. అంటే ఒక పదహారో స్వరం వెనక వింటూ లయ నేర్చుకుంటున్నారన్నమాట. తీగ ఉన్న హెడ్‌ఫోనే వాడాలి.

సమస్య: గుంయ్ మంటూ ఆగని మోత

ముందు ఆక్స్‌లో పెట్టిన ఫోన్ చార్జర్ తీసేయండి. మోత ఆగితే కారణం అదే. ఆగకపోతే పెడల్‌కి విడిగా అడాప్టరు ఇవ్వండి, ఒకే అడాప్టరు నుంచి గొలుసుకట్టుగా నాలుగు పెడళ్లకు ఇస్తే డిజిటల్ పెడల్ చప్పుడు మిగతావాటిలోకి పాకుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారినప్పుడే మోత వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. ఆ సమయంలో పవర్ బ్యాంకే దిక్కు. తీగల మీద చెయ్యి పెడితే మోత తగ్గి, తీస్తే పెరుగుతుంటే ఇంటి ఎర్తింగు చూపించాలి. యాంప్లిఫయర్ మూడో పిన్ను విరిచి వాడటం ప్రాణానికే ప్రమాదం.

సమస్య: నాబ్ తిప్పితే గరగర, స్విచ్ రెండుసార్లు నొక్కితే గాని పలకదు

కోనసీమ, నరసాపురం, కాకినాడ తీరంలో ఉప్పుగాలి, వానాకాలపు తేమ కలిసి జాక్‌లకి, స్విచ్‌లకి పొర పట్టిస్తాయి. కరెంటు తీసేసి, మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ నాబ్ సందులో కొద్దిగా కొట్టి, ఇరవై ముప్ఫైసార్లు చివరి నుంచి చివరికి తిప్పండి. జాక్‌కైతే ప్లగ్గుకి క్లీనర్ తడిపి పదిసార్లు గుచ్చి తీయండి. పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వొద్దు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వాడకండి, వాటి జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది. తర్వాత గాలి చొరని మూత డబ్బాలో సిలికా జెల్ సంచులతో దాచండి. నారింజ రంగు గింజలవి కొంటే తేమ నిండినప్పుడు పచ్చగా మారి తెలుస్తుంది. సెల్స్ లోపల వదిలేయొద్దు, వానాకాలం అయ్యేసరికి కారి స్ప్రింగులు తినేస్తాయి.

సమస్య: గట్టిగా మీటినప్పుడే చిట్లుతోంది

బేస్ యాక్టివ్ (లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉన్నది) అయితే ఆ బలానికి గిటార్ పెడల్ ఇన్‌పుట్ తట్టుకోదు. బేస్ గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించండి, దాని మీదున్న బేస్ టోన్ నాబ్ మధ్యకి తెండి. అప్పటికీ చిట్లితే హెడ్‌ఫోన్‌లో వినండి. అందులో శుభ్రంగా ఉంటే తప్పు పెడల్‌ది కాదు, 10 వాట్ల చిన్న గిటార్ యాంప్‌ది. డ్రమ్స్, బేస్ రెండూ కలిపి మోయాలంటే కీబోర్డు యాంప్ గానీ బేస్ యాంప్ గానీ కావాలి. ట్రయోలో మిక్సర్ అవుట్ విడిగా ఉంది కాబట్టి డ్రమ్స్‌ను మందిరం మిక్సర్‌కి, బేస్‌ను సొంత యాంప్‌కి పంపొచ్చు.

తీసుకున్న రోజే చూడాల్సినవి

వెనక్కి ఇచ్చే గడువు కొద్దిరోజులే ఉంటుంది, విదేశం నుంచి వచ్చినదైతే అదీ ఉండదు. పెట్టె విప్పేటప్పుడు సీరియల్ నంబరు కనిపించేలా వీడియో తీసుకోండి. సరైన అడాప్టరుతో గంటసేపు ఆపకుండా నడపండి, వేడెక్కాక వచ్చే తప్పులు అప్పుడే బయటపడతాయి. ప్రతి జాక్‌లో ప్లగ్గు పెట్టి కొద్దిగా కదిపి చూడండి, శబ్దం తెగితే సోల్డరు పగిలింది, అది మెకానిక్ చేతిలో చిన్న పనే. స్విచ్‌ను యాభైసార్లు నొక్కి ఎన్నిసార్లు పలికిందో లెక్కపెట్టండి. మెమరీ కార్డు ఉండే పెడల్ అయితే ఒక లూప్ భద్రపరిచి, కరెంటు తీసి మళ్లీ పెట్టి తెరవండి. డిజిటెక్ 2022లో హార్మన్ నుంచి కొరియా సంస్థ కార్‌టెక్‌కి వెళ్లింది. పాత అడాప్టరు విడిగా దొరకడం కష్టం కావచ్చు, కాబట్టి పాత ట్రయో కొంటుంటే అసలు అడాప్టరు కూడా ఇమ్మని గట్టిగా అడగండి. లేదంటే దాని ఖరీదు ధరలో తగ్గించమనండి.