పాత ఫొటో ఏ ఏటిదో అందులోని కారును బట్టి కనిపెట్టడం ఎలా

ఇంట్లో పాత ఫొటోల పెట్టె ఉండి, వాటి వెనక ఎవరూ ఏమీ రాయకపోతే, ముందు చేయాల్సిన పని ఒకటుంది. కారో, జీపో, బస్సో ఏ మూలన కొంచెం కనిపించినా సరే, ఆ ఫొటోలన్నీ వేరే కుప్పగా పెట్టండి. ముఖాలు చూసి వయసు లెక్కేస్తే పదేళ్లు అటో ఇటో పోతుంది. చీరలూ జుట్టూ చూసి చెప్పడం కూడా అంతే, పట్నంలో వచ్చిన ఫ్యాషన్ మా గోదావరి లంకల్లోకి రావడానికి ఎన్నేళ్లు పట్టేదో ఎవరికి తెలుసు. కారుతో ఆ తంటా లేదు. దాని హెడ్‌లైటు ఎప్పుడు మారింది, ముందు జాలీ ఎప్పుడు మారింది అన్నది కంపెనీ లెక్క, మన జ్ఞాపకంతో పని లేదు.

నాకు ఈ పని మా పెద్దమావయ్య పెట్టె వల్ల పట్టుకుంది. ఆయన పై చదువుకి డబ్లిన్ వెళ్లిన డాక్టరు, అక్కడ కొన్నేళ్లుండి అమలాపురం తిరిగొచ్చేశారు. ఆయన పోయాక అటక మీది ట్రంకు పెట్టె దింపితే ఐర్లండ్ ఫొటోలూ కోనసీమ ఫొటోలూ కలగాపులగంగా ఉన్నాయి, సగం వాటి అంచులకి బూజు. అందుకే ఇక్కడ రెండు దేశాల కార్ల గురించీ చెబుతున్నాను. మన వైపు నుంచి బయటి దేశాలకి వెళ్లినవాళ్లు లేని ఊరు తక్కువ, మీ పెట్టెలోనూ ఇలాంటి కలగలుపే ఉండొచ్చు.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. కారు మీకు చెప్పేది "ఈ ఫొటో ఫలానా ఏటికి ముందుది కాదు" అని మాత్రమే. 1964లో కొన్న అంబాసిడర్ 1990లో పెళ్లికొడుకుని మోసి ఉండొచ్చు. అందుకని ఫొటోలో ఎదురుగా, అందరూ ఆనుకుని నిలబడ్డ కారుని చూసి తేల్చేయకండి, వెనకాల మసకగా ఉన్నవాటితో సహా అన్నిట్లోకీ కొత్త బండి ఏదో వెతకండి. ఫొటో వయసు చెప్పేది అదే.

ఉదాహరణకి మావయ్య వాళ్ల ఫొటో ఒకటి. అత్తయ్య చీర మీద పొడుగు కోటు వేసుకుని, డబ్లిన్‌లో తడిసిన వీధిలో ఒక ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు పక్కన నిలబడి ఉంది. "అది మా పెళ్లయిన ఏడాదిదేరా, 1969" అని అత్తయ్య ఎప్పుడూ అనేది. బీటిల్ ఆ మాటకి అడ్డు రాలేదు. దాని హెడ్‌లైటు అద్దాలు నిటారుగా ఉన్నాయి, అంటే 1967 ఆగస్టు తర్వాత తయారైనది, అంతకుముందువి వెనక్కి వాలి ఉంటాయి. కానీ భూతద్దం పెట్టి చూస్తే ఫొటో కుడి అంచున, దుకాణం ముందు ఇంకో కారు సగం తెగి కనిపించింది. పక్క తలుపుల మీద గీత తిన్నగా పోకుండా వెనక చక్రం దగ్గర నడుం వంపులా పైకి లేచి ఉంది. అది ఫోర్డ్ కార్టినా మూడో రకం, 1970 చివర్లో గానీ బయటికి రాలేదు. అత్తయ్యకి చూపిస్తే భూతద్దం తీసుకుని కారుని కాదు, తన కోటుని చాలాసేపు చూసుకుంది. "అయితే ఇది మొదటి కోటు కాదన్నమాట. మొదటిది అక్కడి నర్సు దగ్గర అడిగి తెచ్చుకున్నది. ఇది మీ మావయ్య కొన్నది" అంది.

ఐర్లండ్ ఫొటోల్లో ఫోర్డ్‌లూ బీటిల్‌లూ ఎక్కువ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అక్కడ చాలాకాలం పూర్తిగా తయారైన కారు దిగుమతి మీద భారీ సుంకాలుండేవి, అందుకని విడిభాగాలు పెట్టెల్లో తెచ్చి అక్కడే బిగించేవారు. బీటిల్‌ని 1950 నుంచే డబ్లిన్‌లో బిగించారు. కార్క్ నగరంలో ఫోర్డ్ ఫ్యాక్టరీ 1984 వరకూ నడిచింది, హెన్రీ ఫోర్డ్ తండ్రి ఆ కార్క్ జిల్లా నుంచి అమెరికా వలస వెళ్లినవాడే. బీటిల్ వెనక నుంచి కనిపిస్తే ఇంకా సులువు. వెనక అద్దం మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉంటే 1953కి ముందు తయారైనది, కోడిగుడ్డు ఆకారంలో ఉంటే 1953 నుంచి 1957 లోపుది, పెద్ద పలక అద్దమైతే ఆ తర్వాతది. కార్టినా మొదటి రకం 1962లో వచ్చింది, దాని వెనక లైట్లు గుండ్రంగా, మూడు ముక్కలు చేసిన అరిసెలా ఉంటాయి. 1966లో రెండో రకం పెట్టె ఆకారంలోకి మారింది. ఫోర్డ్ ఎస్కార్ట్ కనిపిస్తే దాదాపుగా 1968కి ముందు కాదు.

తర్వాత నంబర్ ప్లేటు. ఐర్లండ్‌లో 1987కి ముందు ప్లేటు మీద సంవత్సరం ఉండదు, జిల్లాని చెప్పే అక్షరాలూ అంకెలూ మాత్రమే. ఐఎఫ్ అంటే కార్క్ జిల్లా, ఐఎమ్ గాల్వే, ఐఎన్ కెర్రీ. పాతవి నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు, మన సొంత కార్లకి ఒకప్పుడు ఉన్నట్టే. రంగు ఫొటోలో వెనక ప్లేటు ఎర్రగా కనిపిస్తే అది లైటు వెలుగు కాదు, 1970ల్లో 80ల్లో అక్కడ వెనక వైపు ఎర్ర ప్లేటు వేసుకోవడం ఉండేది. 1987 జనవరి నుంచి కొత్త బళ్లకి ఏడాది ప్లేటు మీదికే వచ్చేసింది, ముందు 87, తర్వాత జిల్లా అక్షరం, ఆ తర్వాత వరస సంఖ్య. డబ్లిన్‌కి డి, కార్క్‌కి సి, కెర్రీకి కెవై. 2013 నుంచి ఏడాదిని రెండు సగాలు చేసి 131, 132 అని వేస్తున్నారు. ఈ ప్లేటు చదవగలిగితే ఇంక హెడ్‌లైట్ల గొడవే అక్కర్లేదు.

మన వైపు ఇంత సుఖం లేదు. 1989కి ముందు రిజిస్టరైన బండికి మూడు అక్షరాలు, పక్కన అంకెలు. 1989 నుంచి జిల్లా సంఖ్య వచ్చింది, తూర్పుగోదావరికి ఏపీ-05, పశ్చిమగోదావరికి ఏపీ-37. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ-39 పెట్టారు, దాన్ని చూసి ఊరు చెప్పలేం. మన డెల్టాలో ఒక్క మెలిక ఉంది, యానాం. ఫొటో ముమ్మిడివరంలో తీసినదైనా కారుకి పీవై-04 ఉండొచ్చు, అది పుదుచ్చేరి కిందికొచ్చే యానాం నంబరు. అది చూసి ఫొటో తమిళనాడు పక్క ఎక్కడో తీశారనుకుని మా తమ్ముడు ఒక ఆల్బమ్ అంతా తారుమారు చేశాడు, మళ్లీ సర్దడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

మన కార్ల సంగతికొస్తే అంబాసిడర్ పైకి యాభై ఏళ్లు ఒకేలా ఉన్నట్టుంటుంది గానీ దాని మూతి చూడండి. 1960ల్లో వచ్చిన రెండో రకానికి ముందు జాలీ సన్నటి గళ్లతో వెడల్పుగా ఉంటుంది. 1979లో వచ్చిన నాలుగో రకానికి జాలీ చిన్నదై గళ్లు పెద్దవయ్యాయి, పక్కన పలక లైట్లు వచ్చాయి. మీ ఫొటోలో ఈ మూతి ఉంటే 1979కి ముందు కాదని ధైర్యంగా రాసుకోవచ్చు. మనం ఫియట్ అని పిలిచేదానికి ప్రీమియర్ పద్మిని అన్న పేరు 1974 నుంచి, డిక్కీ మీద ఆ పేరు చదవగలిగితే అదే గుర్తు. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో, అయినా మొదటి ఆకారం రెండేళ్ల ముచ్చటే, 1986లో మారిపోయింది. టాటా సుమో 1994, క్వాలిస్ 2000. వీటిలో ఏది మూలన కనిపించినా ఆ ఏడాది కింద గీత గీసేయండి.

పోలీసు బళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. మన వైపు పాత ఫొటోల్లో పోలీసులంటే జీపే, ఆ తర్వాత సుమోలూ బొలేరోలూ, బొలేరో వచ్చింది 2000లో. ఏపీ-18 తర్వాత పి అక్షరం ఉంటే అది పోలీసు బండి, కానీ ఆ నంబరు జిల్లాది కాదు, రాష్ట్రంలో ఎక్కడున్నా అదే వరస. ఐర్లండ్‌లోనూ సరిగ్గా ఇదే తిరకాసు. అక్కడి పోలీసుల్ని గార్డా అంటారు, 1922లో ఏర్పడిన దళం, పేరుకి అర్థం శాంతి రక్షకులని. 1990ల ఫొటోల్లో వాళ్ల కారు తెల్లగా, పక్కన నీలం పసుపు పట్టీతో ఉంటుంది, తలుపు మీద గార్డా అని పెద్దగా రాసి ఉంటుంది. ఆ కార్లకి మామూలు నంబర్లే, అదీ ఎక్కువగా డబ్లిన్‌వే. మావయ్య వాళ్లు మళ్లీ ఒకసారి ఐర్లండ్ వెళ్లినప్పుడు తీసిన ఫొటోలో అలాంటి కారు ఉంది, ప్లేటు మీద 94, డి. ఏడాది సంగతి సరే, డి చూసి డబ్లిన్ అని రాసేశాను. కార్క్‌లో ఉంటున్న వదినకి పంపితే "వెనకాల కొండలు చూడలేదా, అది కెర్రీ" అని ఫోన్ చేసింది. పోలీసు కారు ప్లేటుతో ఊరు తేల్చకూడదని అప్పుడు తెలిసింది, అది ఏ దేశమైనా సరే.

కారు మీద ఏమీ తేలకపోతే కారు కింద చూడండి. అది పంటు (బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) మీద ఉందా, వంతెన మీద ఉందా? ఎదుర్లంక దగ్గర యానాం వైపు పంటు మీద అంబాసిడర్ ఉంటే అది దాదాపు ఖాయంగా 2002కి ముందుదే, ఆ ఏడాది వారధి వచ్చేసింది. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య రేవైతే ఆ లెక్క పనికిరాదు, అక్కడ పంటు తర్వాత కూడా తిరుగుతూనే ఉంది. రాజమండ్రి, కొవ్వూరు మధ్య రోడ్డు, రైలు కలిసిన వంతెన మీద కారు ఉంటే 1974కి ముందు కాదు. కొబ్బరి తోటలో తలలు విరిగిన చెట్లు వరసగా కనిపిస్తే 1996 నవంబరు తుపాను గుర్తుకు తెచ్చుకోండి, మావయ్య ఇంటి ముందు మారుతి ఉన్న ఫొటో నేను అలాగే పట్టుకున్నాను.

ఇంకో మాట, ఇది చాలామంది చూడరు. ఐర్లండ్‌లోనూ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగ్ కుడి వైపు. అందుకని మీ ఫొటోలో స్టీరింగ్ ఎడమ వైపు కనిపిస్తే కారు అమెరికాది అనుకునే ముందు నెగెటివ్ తిరగేసి కడిగారేమో చూడండి. చొక్కా జేబు ఏ పక్కన ఉందో, దుకాణం బోర్డు మీద అక్షరాలు తిరగబడ్డాయేమో చూస్తే తెలిసిపోతుంది.

ఇదంతా చూడాలంటే ఫొటో పెద్దది చేసుకోవాలి. స్కానర్ ఉంటే 600 డీపీఐలో స్కాన్ చేయండి. లేకపోతే పొద్దున్నపూట వీధి అరుగు మీద, ఎండ నేరుగా పడని చోట పరిచి ఫోన్‌ని సమానంగా పట్టుకుని ఫ్లాష్ లేకుండా తీయండి. మన తేమకి ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకండి, దయచేసి, రంగు పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో పాటే ఫొటో తీసుకోండి. బూజు ఉంటే తడి గుడ్డ తగలనివ్వకండి, ఆరిన చోట పెట్టి మెత్తటి కుంచెతో తోయండి.

తేలిందాన్ని వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచున రాయండి. బాల్ పెన్ను ఒత్తిడి ముందు వైపు ముఖాల మీద తేలుతుంది. ఊరికే "1970" అని రాసి వదిలేయకండి, ఎందుకు అనుకున్నారో కూడా రాయండి, రేపు ఇంకొకరు ఇంకో కారు కనిపెడితే మీ లెక్క సరిదిద్దుకుంటారు. అత్తయ్య ఫొటో వెనక ఇప్పుడు ఇలా ఉంది: "డబ్లిన్. 1970 చివర గానీ తర్వాత గానీ, కుడి అంచున కార్టినా మూడో రకం. మావయ్య కొన్న కోటు." చివరి మాట అత్తయ్య రాసింది.